ఎలుక ఒంట్లో మనిషి టి-కణం: ‘వికాసం’ అని ఎప్పుడు అనవచ్చు?

మనిషి రోగనిరోధక కణాలున్న చిట్టెలుక ఎప్పుడు తయారైందంటే సాధారణంగా 1988 అంటారు. సంవత్సరం సరైనదే. అయితే ఆ సెప్టెంబరులో వారం తేడాతో వెలువడిన పత్రాలు రెండు. 1983లో ఫిలడెల్ఫియాలో బోస్మా బృందం వర్ణించిన స్కిడ్ ఎలుకే రెండింటికీ ఆధారం. దానిలో సొంత టి, బి కణాలు దాదాపు ఏర్పడవు. ఇంతకుమించి రెండింటినీ ఒకే గాటన కట్టడానికి వీల్లేదు.

1. సెప్టెంబరు 15న ‘నేచర్’లో వచ్చిన మోసియర్ బృందం పత్రం. పెద్దవాళ్ల రక్తంలోని తెల్లకణాలను ఎలుక పొట్టలోకి ఎక్కించి, ధనుర్వాతం టాక్సాయిడ్ ఇస్తే మానవ ప్రతిరక్షకాలు కనిపించాయి. కానీ ఆ కణాలు అప్పటికే మనిషి ఒంట్లో పరిణతి చెందినవి. ఇది మనుగడకు సాక్ష్యం, వికాసానికి కాదు.

2. సెప్టెంబరు 23న ‘సైన్స్’లో వచ్చిన మెక్‌కూన్ బృందం పత్రం. ఇందులో మానవ పిండం నుంచి తీసిన, టి-కణాలు పరిణతి చెందే థైమస్ గ్రంథిని, శోషరస కణుపును, కాలేయ కణాలను ఎలుకలో నాటారు. రక్తంలో మానవ టి-కణాలు కనిపించాయి, కొంతకాలమే. దీన్ని వికాసమనే అనవచ్చు. అయితే అది జరిగినది మనిషి థైమస్‌లో.

3. ఆ రెండింటి తర్వాత, 2004లో ‘సైన్స్’లో వచ్చిన ట్రాజియాయ్, మాంజ్ బృందం పత్రం. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా బరువైన సాక్ష్యం ఇదే. బొడ్డుతాడు రక్తం నుంచి వేరుచేసిన సీడీ34 మూలకణాలను, రోగనిరోధక శక్తి లేని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల కాలేయంలోకి ఎక్కించారు. మానవ థైమస్ ఇవ్వలేదు. అయినా టి, బి, డెండ్రిటిక్ కణాలు మూడూ ఏర్పడ్డాయి. ఎలుక థైమస్‌లోనే మానవ టి-కణాలు ఎదిగాయి.

చిక్కు కూడా ఇక్కడే వస్తుంది. ఏ అణువుల మీద చూపిన శత్రుశకలాన్ని గుర్తించాలో టి-కణం థైమస్‌లో నేర్చుకుంటుంది. ఆ థైమస్ పొర ఎలుకదైతే, నేర్చుకున్నది కొంతవరకైనా ఎలుక అణువులనే కావచ్చు. 2009, 2010లలో హెచ్‌ఎల్‌ఏ-ఏ2 అనే మానవ అణువును ఎలుకలకు జన్యుమార్గంలో చేర్చాక, ఆ అణువుకు కట్టుబడిన టి-కణ స్పందనలు స్పష్టంగా కనిపించడం ఈ అనుమానాన్ని బలపరుస్తోంది. పైగా, 2004 నాటి ప్రయోగంలో వాడినలాంటి, గామా గొలుసు జన్యువు లేని ఎలుకల్లో శోషరస కణుపులు సరిగా ఎదగవు. టీకా ఇచ్చినా ఐజీజీ ప్రతిరక్షకాలు తరచు తక్కువగానే ఉంటాయి.

కాబట్టి ఎలుకలో మానవ కణాలు వికసిస్తాయన్నది రుజువైన మాట. మానవ వ్యవస్థ యథాతథంగా ఏర్పడుతుందన్నది ఇంకా రుజువు కాలేదు. ఇలాంటి పత్రం చేతికొస్తే, టి-కణాల శాతం కన్నా ముందు థైమస్ ఎవరిదో చూడండి.