లాఠీ చిన్న ఆయుధం కాదు

కాల్పులు జరిగితే విచారణ అడుగుతాం. లాఠీఛార్జి అంటే "స్వల్పంగా" అని పేపర్లో చదివి మరిచిపోతాం. చరిత్ర వేరుగా చెబుతుంది.

1928 అక్టోబర్ 30న లాహోరులో సైమన్ కమిషన్‌ను వ్యతిరేకించిన ఊరేగింపులో లాలా లజపతి రాయ్ గారికి లాఠీ దెబ్బలు తగిలాయి. నవంబర్ 17న కన్నుమూశారు. 1930లో ఉప్పు సత్యాగ్రహుల మీద మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఇదే లాఠీ లేచింది. మన బళ్ళారి అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోదే.

దేశం మారింది, చట్టం పెద్దగా మారలేదు. పాత 129వ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 148 గుంపును బలంతో చెదరగొట్టవచ్చంటాయి. ఒంటిమీద ఎక్కడ కొట్టకూడదో చెప్పవు. ఐక్యరాజ్య సమితి 2020 మార్గదర్శకాలు మాత్రం తల, మెడ, వెన్నెముక మీద లాఠీ వద్దన్నాయి.

ఆ ఒక్క మాట ప్రతి ఠాణా గోడమీద కన్నడలో, తెలుగులో రాయించమని మన సంఘం అడగాలి.