ప్రమేయాల గ్రాఫుల రూపాంతరాలు

తెలిసిన ప్రమేయపు గ్రాఫ్‌ను జరిపి, తిప్పి, సాగదీసి లేదా కుదించి కొత్త ప్రమేయపు గ్రాఫ్‌ను రాబట్టే బీజగణిత పద్ధతి. ఒక్కో బిందువునూ లెక్కగట్టి గుర్తించే శ్రమ దీంతో చాలావరకు తప్పుతుంది.

వై = ఎక్స్² గ్రాఫ్ మూలబిందువు దగ్గర శీర్షం ఉన్న పరావలయం. దీనికి 3 కలిపితే బొమ్మ మొత్తం 3 యూనిట్లు పైకి లేస్తుంది. ఇందులో తికమక లేదు. విద్యార్థులు బోల్తా పడేది (ఎక్స్ − 3)² దగ్గరే. మైనస్ చూసి ఎడమకు జరుపుతారు, గ్రాఫేమో కుడికి పోతుంది. బ్రాకెట్ విలువ సున్నా కావాలంటే ఎక్స్ 3 కావాలి కదా! అంటే ఇంతకుముందు 0 దగ్గర వచ్చిన విలువ ఇప్పుడు 3 దగ్గర వస్తుంది. ఎక్స్² − 6ఎక్స్ + 11 ను (ఎక్స్ − 3)² + 2 గా రాసుకుంటే శీర్షం (3, 2) అని చూడగానే చెప్పేయొచ్చు.

ఎక్స్² ముందు మైనస్ పెడితే పరావలయం బోర్లా పడుతుంది. సైన్ వక్రాన్ని 90 డిగ్రీలు ఎడమకు జరిపితే కొసైన్ వక్రమే వస్తుంది.

గుణకారం, కూడిక రెండూ ఉన్నప్పుడు వరస ముఖ్యం. ఒక రోజు ఉష్ణోగ్రతల సెల్సియస్ గ్రాఫ్‌ను ఫారెన్‌హీట్‌లోకి మార్చాలంటే ముందు నిలువుగా 1.8 రెట్లు సాగదీసి, ఆపై 32 యూనిట్లు పైకి జరపాలి. వరస తారుమారైతే 40 డిగ్రీల ఎండ 104కు బదులు 129.6 అయి కూర్చుంటుంది.