ఇంటి కార్ఖానా పునాది (ఉత్తర తెలంగాణ)

ఇంటి ఆవరణలోనో, ఇంటికి ఆనుకొనియో నిర్మించుకొనే చిన్న పనిశాలను ఉత్తర తెలంగాణలో కార్ఖానా లేదా షెడ్డు అని పిలుస్తారు. మరమగ్గాలు, వడ్రంగం, వెల్డింగు, మోటార్ల మరమ్మతు వంటి పనులు వీటిలో సాగుతాయి. ఇటువంటి కట్టడానికి వేసే కాంక్రీటు పునాది గురించి ఈ వ్యాసం వివరిస్తుంది. పునాదిని ఈ ప్రాంతంలో బునాది అని కూడా అంటారు. రేకుల షెడ్డు తేలికైన కట్టడం కనుక దానికి లోతైన పునాది అవసరం లేదన్న అభిప్రాయం సామాన్యంగా ఉంది. ఎర్రనేలలో ఇది కొంతవరకు సరియైనదే. నల్లరేగడిలో మాత్రం కట్టడం ఎంత తేలికగా ఉంటే దానికి అంత ఎక్కువ ప్రమాదం.

నేలల స్వభావం

పూర్వపు ఆదిలాబాదు జిల్లా 2016 అక్టోబరు 11న ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాదు జిల్లాలుగా విడిపోయింది. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని అధిక భాగం అదే రోజున కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగా ఏర్పడింది. ఈ రెండు ప్రాంతాల నేలలు ఒకే తీరుగా ఉండవు.

ఆదిలాబాదు పశ్చిమ భాగం దక్కను లావా శిలలపై ఉన్నది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం వెలువడిన లావా గడ్డకట్టి ఏర్పడిన ఈ నల్లరాయి శిథిలమై నల్లరేగడిగా మారింది. ప్రత్తి పంటకు పేరుపొందిన నేల ఇదే. కరీంనగర్ ప్రాంతంలో గ్రానైటు శిలల నుండి ఏర్పడిన ఎర్రని చెలక, దుబ్బ నేలలు ఎక్కువ. నల్లరేగడి పట్టీలు అక్కడక్కడా కనిపిస్తాయి. ఒకే ఊరిలో ఒక వాడ చెలకపై, మరొక వాడ రేగడిపై ఉండటం కూడా కద్దు. కావున పొరుగువారి పునాదిని చూసి మన పునాది లోతు నిర్ణయించుకోవడం క్షేమం కాదు.

నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంటుంది. దీని సన్నని పొరల మధ్యకు నీరు చేరినపుడు మట్టి ఉబ్బుతుంది, ఎండినపుడు కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. ఎండాకాలంలో చేయి పట్టేంత వెడల్పున నోరు తెరిచే నేల, జూన్‌లో నైరుతి ఋతుపవనాలు వచ్చిన కొద్ది వారాలకే పూడుకొని పైకి లేస్తుంది. ఈ మార్పు ఏటా తిరిగి జరుగుతూనే ఉంటుంది.

తేలిక కట్టడానికి ప్రమాదం ఎందుకు?

సాధారణ నేలలో పునాది చేసే పని బరువును విస్తరించి నేలకు అందించడం. నేల క్రుంగకుండా ఉంటే చాలును. నల్లరేగడిలో దీనికి తోడు నేల పునాదిని పైకి నెట్టుతుంది. ఉబ్బే మట్టి కలిగించే ఒత్తిడి, ఒక అంతస్తు రేకుల షెడ్డు నేలపై మోపే ఒత్తిడి కన్నా అనేక రెట్లు ఉండవచ్చును. బరువైన కట్టడం ఈ ఒత్తిడిని కొంతవరకు అణచి ఉంచగలదు, షెడ్డుకు ఆ శక్తి లేదు.

పునాదిని ఇంకా వెడల్పు చేయడం దీనికి పరిష్కారం కాదు. వెడల్పు పెరిగిన కొద్దీ చదరపు మీటరుకు పడే బరువు తగ్గుతుంది, నేల దానిని మరింత సులభంగా ఎత్తుతుంది. కావలసినది లోతు, లేదా మట్టి మార్పిడి.

గోడ అంతా సమానంగా లేస్తే హాని తక్కువ. కానీ వాన నీరు మొదట అంచులను తడుపుతుంది, షెడ్డు క్రింది నడిమి భాగం ఆలస్యంగా తేమను పొందుతుంది. దీని వలన ఒక మూల లేచి, మరొక మూల నిలిచిపోయి గోడలు పగులుతాయి. నివాస గృహంలో ఇటువంటి పగులును పూడ్చుకొని కాలం గడపవచ్చును. కార్ఖానాలో మాత్రం యంత్రం మట్టం తప్పుతుంది. లేతు యంత్రం పని సరిగా రాదు, మగ్గం అదురు పెరుగుతుంది. అప్పు తెచ్చి షెడ్డు వేసుకొన్న కుటుంబానికి ఇది జీవనోపాధికి సంబంధించిన నష్టం.

నేల పరీక్ష

మొదట స్థలంలో రెండు మూడు చోట్ల గుంతలు త్రవ్వి, నల్లమట్టి ఎంత లోతు వరకు ఉన్నదో, దాని క్రింద మొరం తగులుతున్నదో లేదో చూడవలెను.

మట్టి ఉబ్బు గుణాన్ని తెలిపే సులభమైన పరీక్ష భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2720, 40వ భాగంలో ఉన్నది. ఎండబెట్టి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు కొలత జాడీలలో వేస్తారు. ఒకదానిలో నీరు, మరొకదానిలో కిరోసిన్ 100 మి.లీ. వరకు పోస్తారు. కిరోసిన్‌లో ఈ మట్టి ఉబ్బదు. 24 గంటల తరువాత రెండింటిలోని మట్టి మట్టాలను పోల్చుతారు. కిరోసిన్‌లో 10 మి.లీ., నీటిలో 20 మి.లీ. ఉన్నచో ఉబ్బు 100 శాతం. ఐ.ఎస్. 1498 ప్రకారం 50 శాతం లోపు తక్కువ, 50 నుండి 100 మధ్యస్థం, 100 నుండి 200 ఎక్కువ, 200 దాటితే అత్యధికం.

పునాది రకాలు

చెలక, మొరం నేలలు: ఐ.ఎస్. 1904 ప్రకారం పునాది లోతు కనీసం 50 సెం.మీ. ఉండవలెను. ఆచరణలో గట్టి నేల తగిలే వరకు, సుమారు 90 సెం.మీ. నుండి 1.2 మీ. వరకు త్రవ్వుతారు. గ్రానైటు రాయి దొరికే చోట రాతి కట్టడపు పునాది, పైన కాంక్రీటు ప్లింత్ బీము వేయడం పాత అలవాటు. పిల్లర్ గుంతల పద్ధతి ఇప్పుడు ఎక్కువైనది.

పలుచని నల్లరేగడి: మీటరు, మీటరున్నర లోతులో మొరం తగిలినచో నల్లమట్టిని దాటి మొరంపైనే పునాదిని నిలపడం ఉత్తమం.

లోతైన నల్లరేగడి: దీనికి రెండు మార్గాలున్నవి. మొదటిది అడుగున ఉబ్బెత్తు గల పైల్ పునాది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1950ల దశకంలో దీనిని అభివృద్ధి చేసింది. నేలలో బోరు త్రవ్వి, అడుగున ప్రత్యేక పనిముట్టుతో కుండ వలె వెడల్పు చేసి, సలాక దించి కాంక్రీటు పోస్తారు. ఆ కుండ వ్యాసం కాండపు వ్యాసానికి సాధారణంగా రెండున్నర రెట్లు ఉంటుంది. లోతైన నల్లరేగడిలో సుమారు 3.5 మీ. దిగువన ఋతువులను బట్టి వచ్చే కదలిక చాలా స్వల్పం కాబట్టి పైల్ కనీసం ఆ లోతుకు పోవలెను. పైల్స్‌ను కలిపే బీము నేలను తాకరాదు. బీము క్రింద కనీసం 80 మి.మీ. ఖాళీ విడువవలెను. ఉబ్బిన మట్టి ఈ ఖాళీలోకి వస్తుంది కాని బీమును ఎత్తదు.

రెండవది మట్టి మార్పిడి. ఐఐటీ బొంబాయి ఆచార్యులు ఆర్.కె. కట్టి పరిశోధనలతో ఇది ప్రచారంలోకి వచ్చింది. ఉబ్బని, కొంత జిగి గల మొరం మట్టిని సుమారు మీటరు మందాన, పలుచని పొరలుగా తడిపి, దిమ్మిస చేసి, దానిపై పునాది వేస్తారు. నల్లమట్టి తీసిన గుంతను ఇసుకతో నింపడం చాలా చోట్ల కనిపించే అలవాటు. కానీ ఇసుక నీటిని లోనికి వదులుతుంది. గుంత తొట్టివలె నీరు పట్టి చుట్టూ ఉన్న రేగడిని తడుపుతుంది.

కాంక్రీటు సామగ్రి

ఈ ప్రాంతంలో సామగ్రికి కొరత లేదు. బసంత్‌నగర్, దేవాపూర్, మంచిర్యాలలలో సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. మానేరు, గోదావరి నదుల ఇసుక, గ్రానైటు కంకర అందుబాటులో ఉంటాయి. రామగుండం థర్మల్ విద్యుత్ కేంద్రంలో వెలువడే బూడిద వంటి పదార్థం కలిపిన సిమెంటును పోజొలానా సిమెంటు అంటారు. ఇది నెమ్మదిగా గట్టిపడుతుంది కనుక ఎక్కువ రోజులు తడపవలెను.

సిమెంటు, ఇసుక, కంకర 1:1½:3 పాళ్లలో కలిపిన కాంక్రీటును ఎం20 అంటారు. ఐ.ఎస్. 456 (2000) ప్రకారం నేలలో పూడి ఉండే ఇనుప కాంక్రీటుకు ఎం25 కనీసం ఉండవలెను. ఎం25 పాళ్లను ప్రయోగశాలలో నిర్ణయించవలసి ఉంటుంది. గుంత అడుగున పరిచే బెడ్ కాంక్రీటుకు 1:4:8 పాళ్లు సరిపోతాయి.

గమేళాలతో అందాజుగా పోయడం కన్నా కొలత పెట్టె వాడుట మేలు. 50 కిలోల సిమెంటు బస్తా ఘనపరిమాణం సుమారు 35 లీటర్లు. లోపలి కొలతలు 40×35×25 సెం.మీ. గల పెట్టె సరిగ్గా ఒక బస్తాకు సమానం. ఎం20కి ఒక బస్తాకు ఒకటిన్నర పెట్టెల ఇసుక, మూడు పెట్టెల కంకర, 30 లీటర్లకు మించని నీరు పడుతుంది. ఇసుక తడిగా ఉన్నచో అందులోని నీటిని లెక్కలో తగ్గించవలెను. కొద్దిగా తడిసిన ఇసుక పొంగి పెట్టెను త్వరగా నింపుతుంది, కావున కొలతలో ఇసుక తక్కువ పడకుండా చూడవలెను.

ఉదాహరణకు చెలక నేలలో 6×4.5 మీ. షెడ్డుకు ఆరు పిల్లర్లు, ఒక్కొక్క ఫుటింగు 1.2×1.2×0.3 మీ. అనుకొందాము. ఒక ఫుటింగుకు 0.432, ఆరింటికి సుమారు 2.6 ఘనపు మీటర్ల కాంక్రీటు కావలెను. ఘనపు మీటరుకు 8 బస్తాల చొప్పున 21 బస్తాల సిమెంటు పడుతుంది. ఇది లెక్క తెలియుటకే. ఫుటింగు కొలతలను, సలాకను ఇంజనీరు నిర్ణయించవలెను.

పోత విధానం

ముగ్గు పోసి, మూలమట్టం సరిచూసి గుంతలు త్రవ్వుతారు. మూలమట్టానికి 3, 4, 5 కొలతల త్రిభుజ సూత్రం సుతారి మేస్త్రీలకు సుపరిచితమే. గుంత అడుగున వదులు మట్టి, నిలిచిన నీరు లేకుండా తీసివేసి బెడ్ కాంక్రీటు వేయవలెను. సలాక జాలిని నేరుగా దానిపై పరచక, 50 మి.మీ. మందపు కవర్ బిళ్లలపై నిలపవలెను. కంకర ముక్కలను ఆధారంగా పెట్టినచో తేమ చేరి సలాక తుప్పు పట్టుతుంది.

ఒక ఫుటింగును ఒకే విడతలో నింపవలెను. కలిపిన కాంక్రీటును గట్టిపడుట మొదలుకాక మునుపే పోయవలెను. బిగిసిన దానిలో మరల నీరు చల్లి వాడరాదు. వైబ్రేటరుతో గాలి బుడగలు పోయేంత వరకే కుదించి ఆపవలెను. అధికమైనచో కంకర అడుగుకు, నీరు పైకి చేరుతాయి.

సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, పోజొలానా సిమెంటుకు గాని తీవ్రమైన ఎండలలో గాని కనీసం 10 రోజులు తడి ఆరకుండా ఉంచవలెను. ఈ ప్రాంతపు ఎండాకాలంలో తెల్లవారుజామున గాని సాయంత్రం గాని పోత పెట్టుకొని, తడి గోనెసంచులు కప్పడం మంచిది.

గచ్చు, యంత్రాల దిమ్మెలు

నల్లరేగడిలో గోడలకన్నా ముందు గచ్చు పగులుతుంది. గచ్చును గోడలకు, బీములకు కలిపి పోయక సందు విడిచి, క్రింద ఉబ్బని మొరం నింపవలెను. మగ్గం, లేతు వంటి అదిరే యంత్రాలకు విడిగా కాంక్రీటు దిమ్మె పోసి, గచ్చుకూ దిమ్మెకూ మధ్య సందు ఉంచినచో అదురు గోడలకు చేరదు. ఇంటి గోడనే షెడ్డుకు కూడా వాడుకొన్న చోట ఇది మరింత ముఖ్యం.

నీటి జాగ్రత్తలు, పగుళ్లు

షెడ్డు చుట్టూ ఒకటిన్నర నుండి రెండు మీటర్ల వెడల్పున వెలుపలికి వాలుగా గచ్చు వేయవలెను. రేకుల నుండి పడే వాన నీరు గోడ మొదట్లో చేరకుండా మళ్లించవలెను. స్నానపు నీటి కాలువ, బోరు నీరు గోడ ప్రక్కన ఇంకరాదు. పెద్ద చెట్టు వేళ్లు నేల తేమను పీల్చి మట్టిని కుంచింపజేస్తాయి కాబట్టి చెట్టుకూ గోడకూ మధ్య కనీసం ఆ చెట్టు ఎత్తుకు సమానమైన దూరం ఉండుట మేలు.

తలుపు, కిటికీల మూలల నుండి ఏటవాలుగా సాగే పగులు వానాకాలంలో ఒక తీరుగా, ఎండాకాలంలో మరొక తీరుగా మారుతుంటే అది ఉబ్బు నేల లక్షణం. పగులుపై చిన్న గాజు పలకను సిమెంటుతో అతికించి, నాటిన తేదీ వ్రాసి ఉంచితే, గాజు పగిలినపుడు కదలిక ఇంకా సాగుతున్నదని తెలుస్తుంది. నీటి మార్గాలు సరిచేసి, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గమనించిన తరువాతనే పగుళ్లు పూడ్చవలెను. కదలిక ఆగక మునుపు చేసిన పూత మరుసటి వానలకు మళ్లీ విచ్చుతుంది.