రంగం పొత్తిగుడ్డలు

2011 మార్చిలో మా అమ్మ మొదటిసారి అమెరికా వచ్చింది. మా ఆవిడకి నెలలు నిండాయి. అత్తగారికి అప్పుడే మోకాలి ఆపరేషన్ అవడంతో పురుడు పొయ్యడానికి అమ్మ ఒక్కతే రావలసి వచ్చింది. తెచ్చుకున్న రెండు సూట్‌కేసుల్లో ఒకదాన్ని, ఊరగాయలకి కూడా చోటు తగ్గించి, పాత గుడ్డలతో నింపింది. నాన్న పాత పంచెలు, తన వాయిల్ చీరలు, చదరంగా చింపి, ఉతికి, మడతలు పెట్టినవి. లెక్కపెడితే నలభై ఎనిమిది ఉన్నాయి.

"ఇక్కడ ఇవన్నీ దొరుకుతాయమ్మా" అన్నాను. "దొరుకుతాయిరా, పాతవి దొరకవుగా" అంది.

నేను అప్పటికే గుడ్డ డైపర్ల మీద ఓ స్ప్రెడ్‌షీటు తయారుచేసి పెట్టుకున్నాను. ఇంజనీరింగు చదివినవాడికి పిల్లవాడు పుట్టబోతున్నాడంటే చెయ్యగలిగిన పని అదొక్కటే అనిపిస్తుంది. లోపల పీల్చే పొరలు, బయట నీళ్ళు కారనివ్వని కవరు, అన్నీ కలిపి ఒకటే కుట్టేసిన "ఆల్ ఇన్ వన్" రకం డజను ఆర్డరు చేశాను. విప్పడం, తొడగడం, వాషింగ్ మెషీన్లో పడెయ్యడం, అంతే. అమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇది ఎప్పటికి ఆరుతుంది?" అని అడిగింది. నా స్ప్రెడ్‌షీటులో పదకొండు గడులున్నాయి. ఆ ప్రశ్నకి గడి లేదు.

ఆ ప్రశ్న రంగం నుంచి వచ్చింది.

మా ఉత్తరాంధ్రలో రంగూన్‌ని రంగం అనేవారు. విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, కాకినాడ రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల్లో, డెక్కు మీద, చాపలు పరుచుకుని వేలమంది వెళ్ళేవారు. ధాన్యం మిల్లుల్లో, రేవులో బస్తాలు మోయడానికి, రిక్షాలు లాగడానికి, రైల్వేలో, ఇంకా పట్నం మురికి ఎత్తడానికి. బర్మావాళ్ళు మనవాళ్ళని "కొరింగీ"లు అనేవారు. గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న కోరంగి రేవు పేరది. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో తెలుగువాళ్ళు లక్షా అరవైవేల పైచిలుకు. అప్పటి రంగూన్ జనాభా నాలుగు లక్షలైతే అందులో సగానికి పైన మన దేశం వాళ్ళే.

తెలుగువాళ్ళలో మగవాళ్ళదే చాలా పెద్ద సంఖ్య. మిల్లుల రోజుల్లో వచ్చి, డబ్బు చేసుకుని, ఇంటికి పోయేవాళ్ళు. అందుకే ఆనాటి సర్కారు పుస్తకాల్లో, 1933లో ఆండ్రూ రంగూన్ కూలీల మీద రాసిన పుస్తకంతో సహా, నేను చదివిన పేజీల్లో కూలి రేట్లున్నాయి, బారక్సులో ఇరుక్కుని పడుకోవడం గురించి ఉంది, మేస్త్రీల కమీషన్ల గురించి ఉంది. పసిపిల్లలు దాదాపు లేరు. పసిపిల్లలు లేనిచోట వాళ్ళ గుడ్డలు ఎవరు రాస్తారు?

మా ముత్తాత రేవు కూలీగా వెళ్ళాడు. 1942లో జపాన్‌వాళ్ళు వస్తున్నారని లక్షలమంది అరకాన్, అస్సాం దారుల్లో నడిచి వచ్చినప్పుడు ఆయనా నడిచి వచ్చాడు, యుద్ధం అయ్యాక మళ్ళీ వెళ్ళాడు. కొడుకు, అంటే మా తాతయ్య, రైల్వే ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. కాపురం మింగళ తౌంగ్‌న్యున్‌లో. రంగూన్ పెద్ద రైలు స్టేషను ఉన్న పేట అది. యుద్ధంలో నేలమట్టమైన ఆ స్టేషనుని 1954 నాటికి బర్మా పద్ధతి శిఖరాలతో కొత్తగా కట్టారు. అదే ఏడు మా అమ్మ పుట్టింది. పేటకి ఒకపక్క పాజున్‌డాంగ్ కాలువ, మరోపక్క ఇంగ్లీషువాళ్ళు పట్నానికి నీళ్ళకోసం చేయించిన చెరువు. అప్పట్లో రాయల్ లేక్స్, ఇప్పుడు కాండోజీ.

అమ్మ తరవాత ఇంకా నలుగురు పుట్టారు. అంటే అమ్మకి జ్ఞాపకం ఉన్న రంగం అంతా పొత్తిగుడ్డలే. రంగూన్‌లో ఏడాదికి దాదాపు 2,700 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అదీ మే నుంచి అక్టోబరు లోపలే ఇంచుమించు అంతా. మా న్యూజెర్సీలో పన్నెండు నెలలకీ పడే వానకి అది రెట్టింపు పైన. రోజుకి పదీ పన్నెండు గుడ్డలు తడిపే బిడ్డ, రెండు గదుల ఇల్లు, నాలుగు నెలలు ఎండ మొహం చూడని ఆకాశం. ఉతకడం పెద్ద కష్టం కాదు, ఆరడమే కష్టం.

దీనికి అమ్మమ్మ చేసిన ఏర్పాటు చాలా తెలివైనది. గుడ్డ ఎప్పుడూ ఒంటిపొర. పాత పంచె ముక్కో, పాత లౌంజీ ముక్కో. బర్మావాళ్ళూ పసిపిల్లల గుడ్డని అలాగే వాడతారు, దాన్ని అహ్నీ అంటారు. నాలుగు మడతలు పెట్టి, మూలగా మడిచి, కాళ్ళ మధ్యనుంచి తీసి మొలతాడులో దోపితే బిడ్డ ఒంటిమీద అది ఎనిమిది పొరలు. విప్పి దండెం మీద వేస్తే మళ్ళీ ఒక్కటే పొర. పీల్చేటప్పుడు మందం, ఆరేటప్పుడు పలచన. నేను కొన్న డైపర్లలో ఆ పొరలన్నీ కలిపి కుట్టేసి ఉన్నాయి. ఆ ఏప్రిల్లో బేస్‌మెంటులో ఆరేస్తే ఒక్కొక్కటి ఒకటిన్నర రోజు పట్టింది. డ్రయ్యర్లో వేస్తే కవరు ఎలాస్టిక్ మూడోనెలకే సాగిపోయింది.

పాతగుడ్డ సంగతీ అంతే. కొత్త నూలుగుడ్డ మీద సహజంగా కొంత మైనం, జిడ్డు ఉంటాయి, మిల్లులో పెట్టిన గంజి ఉంటుంది. నీళ్ళు పోస్తే చుక్కలు చుక్కలుగా జారిపోతాయి. పదిసార్లు వేడినీళ్ళలో ఉతికితేగాని పీల్చడం మొదలుపెట్టదు. ఐదేళ్ళు కట్టిన పంచెకి ఆ పని నాన్నే చేసిపెట్టాడన్నమాట! ఇక్కడ కొత్త ప్రీఫోల్డ్ డైపర్లు కొంటే, వాడేముందు ఐదారుసార్లు వేడినీళ్ళలో ఉతకమని రాసి ఉంటుంది. పాతవి దొరకవుగా అని అమ్మ అన్నది అందుకే. అంచులు కుట్టకపోవడానికీ కారణం ఉంది. కుట్టు ఒరుసుకుంటుంది.

వానాకాలంలో కుంపటి మీద గంప బోర్లించి, సాంబ్రాణి వేసి, గంప మీద గుడ్డలు పరిచేవారు. ఆరిందో లేదో అమ్మమ్మ చేత్తో చూసేది కాదు. చెంపకి ఆనించి చూసేది. చేతికి పొడిగా అనిపించేది చెంపకి చల్లగా తగులుతుందిట.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. మన ఊళ్ళో పురుటిగుడ్డలు ఇంట్లోవాళ్ళు ఉతికేవారు కాదు. చాకలి ఆమె పట్టుకుపోయి, చౌడుమట్టి వేసి, బానలో ఉడకబెట్టి తెచ్చేది. చౌడులో ఉండేది సోడా ఉప్పే, ఈరోజు మన డిటర్జెంట్లలో ఉన్నదే. బొల్లెడు తిండిగింజలకి ఆ పని జరిగిపోయేది గనుక మన అమ్మమ్మల గుడ్డ పద్ధతి ఎంత సులువో అని మనం మురిసిపోతాం. రంగంలో ఆ వరస తెగిపోయింది. రంగూన్ వీధులు ఊడ్చి, దొడ్లు ఎత్తినవాళ్ళలో తెలుగువాళ్ళే ఎక్కువ. గుమాస్తా ఇంట్లో పిల్లల గుడ్డలు ఉతకడానికి మాత్రం ఎవరూ లేరు. ఆ పని పెద్దకూతురికి, అంటే ఏడేళ్ళ మా అమ్మకి వచ్చింది.

అమెరికాలో కథ వేరుగా నడిచింది. 1849లో న్యూయార్కులో వాల్టర్ హంట్ పిన్నీసుకి పేటెంటు తీసుకుని, దాన్ని నాలుగువందల డాలర్లకి అమ్మేసుకున్నాడు. అక్కడ మొలతాడు పని పిన్నీసు చేసింది. కారకుండా రబ్బరు చెడ్డీలు తొడిగేవారు. గాలి ఆడక పిల్లలు ఒరిసిపోయేవారు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక మేరియన్ డోనవన్ అనే తల్లి స్నానాలగది కర్టెను కోసి, పిన్నీసుకి బదులు నొక్కుడు బొత్తాలతో కవరు కుట్టింది. 1949లో సాక్స్ ఫిఫ్త్ ఎవెన్యూలో అమ్మకానికి వచ్చింది, 1951లో పేటెంటు వచ్చింది. నేను కొన్న కవర్లన్నిటికీ తల్లి అదే. తరవాత ప్రాక్టర్ అండ్ గాంబుల్లో పనిచేసే విక్టర్ మిల్స్, మనవడి గుడ్డలు మార్చలేక విసుగెత్తి, వాడి పారేసే డైపరు తయారుచేయించాడు. 1961 చివర్లో ఇల్లినాయ్‌లోని పియోరియాలో పాంపర్స్‌ని మొదటిసారి అమ్మి చూశారు. ఉతికేవాళ్ళ సమస్యని ఉతకడమే లేకుండా తీర్చేశాడు తాతగారు.

అదే 1961 వానాకాలంలో మింగళ తౌంగ్‌న్యున్‌లో మా అమ్మ రెండో తమ్ముడు పోయాడు. మూడునెలల పిల్లవాడు. విరేచనాలు.

ఈ సంగతి నాకు ముప్పై ఏళ్ళు దాటేదాకా తెలియదు. మావాడు పుట్టిన మూడోవారంలో, రాత్రి రెండింటికి, నేను డ్రయ్యర్లోంచి తీసిన గుడ్డ వెయ్యబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. చెంపకి ఆనించుకుని, "చెమ్మ ఉంది" అని పక్కన పెట్టేసింది. "కొంచెమేగా" అన్నాను. అప్పుడు చెప్పింది. ఆ రోజు గంప మీది గుడ్డలు చూడమంటే, ఆటకి పోవాలని తొందరలో ఆరని గుడ్డ తెచ్చి ఇచ్చిందిట. అమ్మమ్మ ఏమీ అనలేదుట, అప్పుడూ, తరవాతా. ఏమీ అనలేదు గనకే అమ్మకి అది ఉండిపోయింది.

విరేచనాలు తడిగుడ్డ వల్ల రావనీ, నీళ్ళవల్లా చేతులవల్లా ఈగలవల్లా వస్తాయనీ చెప్పాను. తడిగుడ్డ వల్ల మహా అయితే ఒరుపు, దద్దురు. పసిపిల్లలు పోయేది ఒంట్లో నీరు పోయి. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టిస్తే చాలామంది బతుకుతారని డాక్టర్ దిలీప్ మహలనబీస్ బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో చేసి చూపించింది 1971లో. అంటే మా మావయ్య పోయిన పదేళ్ళకి. "నాకూ తెలుసురా, బియ్యే చదివాను" అంది అమ్మ. ఇంకో గుడ్డ తీసి చెంపకి ఆనించుకుంది.

1962లో నె విన్ అధికారంలోకి వచ్చాడు. కొట్లూ వ్యాపారాలూ జాతీయం చేశారు, 1964లో పెద్ద నోట్లు రద్దు చేశారు, మనవాళ్ళు లక్షల్లో తిరిగి వచ్చేశారు. నగా నట్రా ఇంచుమించు ఏమీ తేనివ్వలేదు. విశాఖలో బర్మా క్యాంపు అలాగే వెలిసింది. అమ్మమ్మ తెచ్చిన మూటలో ఉన్నవి చంటిపిల్ల గుడ్డలు. రేవులో మూట విప్పి చూసిన అధికారి ముక్కు మూసుకుని మళ్ళీ కట్టేశాడని అమ్మ నవ్వుతూ చెబుతుంది.

2014లో ఆఫీసు పని మీద సింగపూరు వెళ్ళినప్పుడు రెండురోజులు యాంగోన్ వెళ్ళాను. స్టేషను శిఖరాలు అమ్మ చెప్పినట్టే ఉన్నాయి. వెనక వీధుల్లో ఇల్లు ఏదో తెలుసుకోలేకపోయాను. వసారాల్లో గడకర్రల మీద లౌంజీ ముక్కలు ఒంటిపొరగా ఆరుతున్నాయి. ఫోటో తీసి పంపిస్తే, "ఎండలో వేశారు, మంచిది" అని జవాబు రాసింది.

పిల్లల్ని కనబోయేవాళ్ళు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇంతే. ముందు ఎక్కడ ఆరేస్తారో చూసుకోండి, తరవాత కొనండి. ఎండ, గాలి తగిలే చోటు లేకపోతే కుట్టేసిన రకాలు వద్దు. రెండు డజన్ల చదరపు గుడ్డలు, ఐదారు కవర్లు చాలు. కవరు పాలియురెథేన్ పూత వేసిన పలచటి గుడ్డదైతే మంచిది, అది నీటిని ఆపుతుంది. తొడల దగ్గర రెండు వరసల ఎలాస్టిక్ ఉండాలి. మలం అంటనంతవరకు తుడిచి, గాలికి ఆరేసి, మార్చి మార్చి వాడుకోవచ్చు. డ్రయ్యర్ వేడి, బ్లీచు దాన్ని పాడుచేస్తాయి. గుడ్డలకి మాత్రం రెండుసార్లు: ఒకసారి చల్లటినీళ్ళలో జాడింపు, తరవాత వేడినీళ్ళలో సరిపడా సబ్బుతో పూర్తి ఉతుకు. సబ్బు తక్కువైతే మూత్రం మిగిలిపోయి, తెల్లారేసరికి అమ్మోనియా వాసన కళ్ళు మండిస్తుంది. ఫాబ్రిక్ సాఫ్టెనర్ వెయ్యకూడదు, కొత్తగుడ్డ మైనాన్ని మళ్ళీ పూసినట్టే.

భూమికి ఏది మంచిదన్న వాదం కూడా చివరికి ఆరెయ్యడం దగ్గరకే వస్తుంది. 2008లో ఇంగ్లండు పర్యావరణ సంస్థ లెక్కకడితే, రెండున్నరేళ్ళకి పారేసే డైపర్లకి 550 కిలోల కార్బన్, గుడ్డలకి 570, దాదాపు సమానం. దండెం మీద ఆరేసి, మిషను నిండా వేసి ఉతికి, అవే గుడ్డలు రెండో బిడ్డకీ వాడితే గుడ్డల లెక్క బాగా పడిపోయింది. 2023లో అక్కడి ప్రభుత్వం మళ్ళీ చేయించిన లెక్కలో గుడ్డలదే పాతిక శాతం తక్కువ. ఈ లెక్కల్లో కరెంటు ఉంది, నీళ్ళున్నాయి. ఉతికే మనిషి లేదు. మా ఇంట్లో ఆ మనిషి ఆరునెలలు అమ్మ, తరవాత వంతులవారీగా నేనూ మా ఆవిడా. రాత్రి ఉతుకు నాది. అలిసిపోయిన వారాల్లో పారేసేవే వాడాం, దానికి సిగ్గుపడలేదు.

ఆ నలభై ఎనిమిదిలో ఇప్పటికి తొమ్మిది మిగిలాయి. రెండోదానికీ అవే వాడాం. మావాడు తన కంప్యూటరు తెర తుడుచుకోవడానికి ఒకటి పట్టుకుపోయాడు. మొన్న వీడియోలో అది చూసిన అమ్మ, "ఒరే, అది మీ తాతయ్య గ్లాస్గో పంచె" అంది.