అనూహ్య ఫలితం - పందెపు నిష్పత్తి: ఉప్పల్ టెస్టు (2024) ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక క్రీడాఫలితాన్ని 'అనూహ్యం' అనాలంటే, ఆట మొదలు కాకముందు జనం ఏమి ఊహించారో తెలియాలి. వృత్తిపరమైన బాక్సింగులో ఆ ఊహకు పందెపు నిష్పత్తి లిఖితసాక్ష్యంగా నిలిచింది. పందెం నిషిద్ధమైన చోట అటువంటి సాక్ష్యం మిగలదు. 2024 జనవరిలో హైదరాబాదు తూర్పు ప్రాంతమైన ఉప్పల్‌లో జరిగిన భారత్ - ఇంగ్లండ్ టెస్టును 1990 నాటి టైసన్ - డగ్లస్ పోటీతో పోల్చి, ఇటువంటి ఫలితాల చరిత్రను ఏ ఆధారాలతో రాయాలో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: పందెం, నిష్పత్తి, అనూహ్య ఫలితం, ఉప్పల్, బాక్సింగ్, క్రీడాచరిత్ర.

1. ఉపోద్ఘాతం:
తెలుగువారి కథాసంప్రదాయంలో పందెం కొత్త వస్తువు కాదు. పల్నాటి వీరగాథలో కోడిపందెపు ఓటమి మాచర్ల పక్షాన్ని ఏడేళ్ల వలసకు పంపింది. ఆ ఓటమికి గాథ చూపే కారణం నాగమ్మ పన్నిన మోసం. గెలుస్తుందనుకున్న పుంజు ఓడితే ఆ ఓటమిని మోసానికో విధికో ముడిపెట్టడం కథనానికి సహజం. చరిత్రకారుని ప్రశ్న వేరు: పందెం కాసిన నాడు, ఫలితం తెలియని క్షణంలో, చుట్టూ ఉన్నవారు ఏ పుంజును నమ్మారు? ఫలితం తెలిసిన తరువాత కూర్చిన కథ ఈ ప్రశ్నకు నమ్మదగిన సాక్ష్యం కాజాలదు. జరిగినదంతా అలాగే జరగవలసి ఉందన్న భావనతో అది మొదలవుతుంది.

2. నిష్పత్తి చెప్పేది, చెప్పనిది:
1990 ఫిబ్రవరి 11న టోక్యోలో హెవీవెయిట్ విజేత మైక్ టైసన్‌తో జేమ్స్ 'బస్టర్' డగ్లస్ తలపడ్డాడు. అప్పటికి టైసన్ 37 పోటీలు ఆడి ఒక్కటీ ఓడలేదు. లాస్ వేగాస్‌లోని మిరాజ్ కాసినో డగ్లస్ గెలుపుపై ప్రకటించిన నిష్పత్తి 42 - 1. అంటే డగ్లస్‌పై ఒక డాలరు కాసినవారికి, అతడు గెలిస్తే, 42 డాలర్ల లాభం. దీనిని సంభావ్యతగా మారిస్తే 43లో ఒక వంతు, సుమారు 2.3 శాతం. ఎనిమిదో రౌండులో నేలకొరిగిన డగ్లస్, రిఫరీ తొమ్మిది లెక్కపెట్టేసరికి లేచాడు. పదో రౌండులో టైసన్‌ను పడగొట్టాడు.

ఈ అంకెను 'డగ్లస్‌కు 2.3 శాతమే అవకాశం ఉండేది' అని చదవడం తొందరపాటు. మిరాజ్‌లో నిష్పత్తి ఇంతకంటె తక్కువగా మొదలై, టైసన్‌పై డబ్బు వచ్చి పడేకొద్దీ పెరిగింది. పందెం పుస్తకం నడిపేవాడు ఒక పక్షంపై డబ్బు పేరుకుంటే రెండో పక్షాన్ని ఆకర్షణీయం చేస్తాడు. తన లాభాన్ని కూడా అందులోనే కలుపుకుంటాడు. కనుక నిష్పత్తిలో మూడు అంశాలు కలిసి ఉన్నాయి: ఆటగాళ్ల బలాబలాల అంచనా, జనం డబ్బు నడక, నిర్వాహకుని లాభం. ఇన్ని పరిమితులున్నా దానికొక విశిష్టత ఉంది. అది ఫలితానికి ముందే తేదీతో నమోదైంది. మరునాడు ఎవరూ దిద్దలేరు. 1964లో సోనీ లిస్టన్‌పై కాసియస్ క్లే గెలుపును నేటి పాఠకుడు సహజమనుకోవచ్చు, ఎందుకంటే ఆ క్లేయే మహమ్మద్ అలీ అయ్యాడని అతనికి తెలుసు. నాడు క్లేకు వ్యతిరేకంగా ఉన్న 7 - 1 నిష్పత్తి ఆ సహజత్వాన్ని ప్రశ్నిస్తుంది.

3. ఉప్పల్ టెస్టు:
ఉప్పల్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ స్టేడియంలో 2024కు ముందు ఐదు టెస్టులు జరిగాయి. భారత్ నాలుగు గెలిచింది, ఒకటి డ్రా అయింది. 2012 - 13లో ఇంగ్లండ్ చేతిలో ఓడిన తరువాత స్వదేశంలో భారత్ ఏ టెస్టు సిరీసునూ కోల్పోలేదు. ఈ నేపథ్యంలో జనవరి 25న ఆట మొదలైంది. ఇంగ్లండ్ 246 పరుగులు చేయగా భారత్ 436 చేసి 190 పరుగుల ఆధిక్యం సాధించింది. రెండో ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ 163 పరుగులకు ఐదు వికెట్లు కోల్పోయింది. ఇంకా 27 పరుగులు వెనుకబడే ఉంది.

అక్కడి నుంచి ఆట మలుపు తిరిగింది. ఓలీ పోప్ 196 పరుగులు చేశాడు. 110 వద్ద అతని క్యాచ్ జారిపోయింది. 231 లక్ష్యంతో దిగిన భారత్ 202కు ఆలౌటై 28 పరుగుల తేడాతో ఓడింది. మొదటి ఇన్నింగ్స్‌లో 131 పరుగులు సమర్పించుకున్న కొత్త స్పిన్నర్ టామ్ హార్ట్‌లీ, రెండో ఇన్నింగ్స్‌లో 62 పరుగులకు ఏడు వికెట్లు తీశాడు. మొదటి ఇన్నింగ్స్‌లో వందకు పైగా ఆధిక్యం పొంది స్వదేశంలో భారత్ టెస్టు ఓడడం అదే మొదటిసారి.

డగ్లస్ లేచి నిలబడిన క్షణానికీ, పోప్ క్యాచ్ జారిన క్షణానికీ పోలిక స్పష్టం. రెండూ ఫలితం తెలిసిన తరువాతే 'మలుపులు' అయ్యాయి. పోప్ 120 వద్ద ఔటై ఉంటే ఆ జారిన క్యాచ్ ఎవరికీ గుర్తుండేది కాదు. ఇంకొక విషయం: ఆ సిరీసును చివరకు భారత్ 4 - 1తో గెలిచింది. అంటే ఉప్పల్ ఫలితం భారత్‌పై ఉన్న అంచనా తప్పని నిరూపించలేదు. అరుదుగా జరుగుతుందనుకున్నది ఒకసారి జరిగిందని మాత్రమే చూపింది. నలభై మూడింటిలో ఒక వంతు అన్న లెక్కలోనే ఆ 'ఒకటి' ఉంది.

4. పుస్తకం లేని పందెం:
ఉప్పల్ విషయంలో మనకు మిరాజ్ వంటి నమోదు లేదు. 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం తెలంగాణలో క్రికెట్ పందెం నేరం. 2017 సవరణ ఆ నిషేధాన్ని ఆన్‌లైన్ ఆటలకూ విస్తరించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. గుర్రప్పందేల స్థితి ఇందుకు భిన్నం. నాచారానికి ఇరుగుపొరుగైన మౌలాలిలో 1868లో మొదలైన హైదరాబాదు పందేలు 1886లో మలక్‌పేటకు మారాయి. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. ఒకే నగరంలో ఒక పందెం లెక్కల్లో మిగులుతుంది, మరొకటి మిగలదు. బుకీ చిట్టీ బయటపడితే అది పోలీసు కేసులో సాక్ష్యంగానే బయటపడుతుంది, ఊహకు సాక్ష్యంగా కాదు.

ఈ లోటు వల్ల అనుమానం పెరుగుతుంది. 2000 ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు హాన్సీ క్రోన్యే వ్యవహారాన్ని బయటపెట్టిన తరువాత, ప్రతి అనూహ్య ఫలితం వెనుకా కుట్రను వెతకడం అభిమానులకు అలవాటైంది. పల్నాటి గాథలోని 'మోసం' ఇక్కడ కొత్త రూపంలో తిరిగి వచ్చింది. మోసం జరగదని కాదు. అది రుజువు కావలసిన విషయం. ఆశ్చర్యం ఒక్కటే దానికి రుజువు కాదు.

5. ముగింపు:
నిష్పత్తుల నమోదు కోసం పందేన్ని సమర్థించనక్కరలేదు. అప్పులపాలైన కుటుంబాలు చెల్లించే మూల్యం ఏ పరిశోధనావసరం కన్నా పెద్దది. అయితే ఆ నమోదు చేసే పనిని వేరే ఆధారాలతో పూరించుకోవాలి. ఆటకు ముందురోజు తెలుగు దినపత్రికలు రాసిన అంచనాలు, ఆ మైదానంలోని గత ఫలితాలు, ప్రతి దశలోని స్కోరు - ఇవన్నీ ఫలితానికి ముందు తేదీ గల సాక్ష్యాలే. జనవరి 29 నాటి పత్రిక కన్నా జనవరి 25 నాటి పత్రిక ఈ పనికి విలువైనది. గెలిచినవాని కథను గెలుపు నుంచి వెనక్కు రాసినంతకాలం ఆశ్చర్యానికి చరిత్ర ఉండదు. నాటి నమ్మకం నుంచి ముందుకు రాసినపుడే, ఓడిపోతాడనుకున్నవాడు నిజంగా ఎంత దూరం నడిచి వచ్చాడో కొలవగలం.