విద్యుద్వలయమునకు అక్షరరూపము

అరకులోయకు పోవు రైలుమార్గమును తెలుపుటకు పటమే కావలెనని లేదు. కొత్తవలస, శృంగవరపుకోట, బొర్రా గుహలు, అరకు అని స్టేషన్ల పేర్లు వరుసగా వ్రాసినను చాలును. విద్యుద్వలయములను గూడ ఇట్లే వ్రాయవచ్చును.

1973లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖలో లారెన్స్ నాగెల్, డొనాల్డ్ పెడర్సన్ గారలు 'స్పైస్' అను ప్రోగ్రామును వెలువరించిరి. ఆనాడు కంప్యూటరునకు సమాచారమును రంధ్రముల కార్డులపై అందించెడివారు, కార్డునకొక పంక్తి. 'ఆర్1 1 2 1000' అను పంక్తిని చూడుడు. మొదటిది నిరోధకము పేరు. 1, 2 అనునవి దాని కొనలు కలియు బిందువులు. 1000 ఓములు దాని విలువ. పటము లేకుండగనే వలయము తెలిసినది గదా!

బర్కిలీవారు ప్రోగ్రామును ఉదారముగా పంచుటచే ఈ వ్రాతపద్ధతి లోకమంతట వ్యాపించెను. కార్డులు పోయినవి, ఆ యంత్రములును పోయినవి. ఆ పంక్తి నేటి 'ఎన్‌జీస్పైస్'కు గూడ అర్థమగును. 1992లో ఫ్రాన్సు దేశీయుడు జ్యాఁ-పియేర్ షారా ప్రారంభించిన 'కీక్యాడ్' సయితము పటములను అక్షరరూపముననే భద్రపరచును. ఈ రెంటిని జతపరచి బొంబాయి ఐ.ఐ.టి. వారు రూపొందించిన 'ఈసిమ్' విద్యార్థులకు ఉచితముగా లభించును.

మనిషి చదువలేని సంకేతములలో దాచిన పటము, దానిని వ్రాసిన ప్రోగ్రాము మూలబడిన నాడు మూగవోవును. అక్షరములలోనున్న వలయమును కొండయూరి పాఠశాలలోని విద్యార్థియైనను సాధారణమైన కంప్యూటరుపై తెరచి, చదివి, తప్పు దిద్దగలడు.