జగిత్యాల టు దుబాయ్: గాల్లో 4 గంటలే.. రోడ్డు మీదే ఎక్కువ! టికెట్‌పై టైమ్ ఇలా చూసుకోండి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో గల్ఫ్‌తో సంబంధం లేని ఊరు దాదాపు కనిపించదు. ఒకప్పుడు గల్ఫ్ పోవాలంటే చాలామంది ముందు బొంబాయి బస్సు ఎక్కేవాళ్లు. ఇప్పుడు శంషాబాద్ నుంచే నేరుగా ఫ్లైట్లు ఉన్నాయి. అయినా టికెట్‌పై తేదీ, టైమ్ సరిగ్గా అర్థం కాక ఫ్లైట్ మిస్ అయ్యే ప్రమాదం ఉంది. అసలు ఎంత దూరం? ఎంత టైమ్ పడుతుంది? చూద్దాం.

శంషాబాద్ నుంచి దూరం, ప్రయాణ సమయం (సుమారుగా)

* మస్కట్: 2,200 కి.మీ. - మూడున్నర గంటలు
* దుబాయ్: 2,550 కి.మీ. - 4 గంటలు
* దోహా: 2,900 కి.మీ. - నాలుగున్నర గంటలు
* కువైట్, రియాద్: 3,400 కి.మీ. - 5 గంటలు

ఇవి డైరెక్ట్ ఫ్లైట్ లెక్కలు. మధ్యలో విమానం మారాల్సి ఉంటే ఆగే టైమ్ కూడా కలుపుకోవాలి.

టికెట్‌పై రెండున్నర గంటలేనా?

టికెట్‌పై ఎక్కే టైమ్ ఇక్కడిది, దిగే టైమ్ అక్కడిది. దుబాయ్, మస్కట్ మనకంటే గంటన్నర వెనక ఉంటాయి. సౌదీ, ఖతార్, కువైట్, బహ్రెయిన్ అయితే రెండున్నర గంటలు వెనక. శంషాబాద్‌లో రాత్రి 10కి ఎక్కితే దుబాయ్‌లో 12.30కే దిగినట్టు టికెట్‌పై కనిపిస్తుంది. నిజానికి గాల్లో ఉండేది 4 గంటలు.

వచ్చేటప్పుడు లెక్క తిరగబడుతుంది. పడమటి గాలి తోడవడంతో దుబాయ్ నుంచి మూడున్నర గంటల్లోనే వచ్చేయొచ్చు. కానీ అక్కడ రాత్రి 10కి ఎక్కితే ఇక్కడ దిగేసరికి తెల్లవారుజామున 3 అవుతుంది. తీసుకురావడానికి వెళ్లే ఇంటివాళ్లు ‘పదింటికి ఎక్కుతున్నా’ అన్న ఫోన్ మాటతో లెక్క వేసుకోవద్దు. టికెట్‌పై ఉన్న శంషాబాద్ టైమే చూడాలి.

అర్ధరాత్రి తేదీతో జాగ్రత్త

గల్ఫ్ ఫ్లైట్లు చాలావరకు రాత్రి వేళల్లోనే ఉంటాయి. ఉదాహరణకు టికెట్‌పై 15వ తేదీ, 02.30 అని ఉందనుకోండి. అంటే 14వ తేదీ రాత్రి అన్నం తిన్నాక వచ్చే 2.30. 15న సాయంత్రం తాపీగా బయలుదేరితే ఫ్లైట్ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. టికెట్ డబ్బులు చాలావరకు పోయినట్టే. వీసా గడువు దగ్గర పడితే ఉద్యోగానికీ ఎసరే.

మరి ఇంటి నుంచి ఎప్పుడు బయలుదేరాలి?

ఇంటర్నేషనల్ ఫ్లైట్‌కు 3 గంటల ముందే ఎయిర్‌పోర్టులో ఉండాలి. చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. జగిత్యాల నుంచి హైదరాబాద్ సుమారు 200 కి.మీ. కోరుట్ల నుంచి ఇంకో 20 కి.మీ. పైమాటే. సిరిసిల్ల నుంచి దాదాపు 140. ఆర్టీసీ బస్సులో జేబీఎస్‌లో దిగి, అక్కడి నుంచి పుష్పక్ బస్సులో శంషాబాద్ వెళ్లాలంటే జగిత్యాల వాళ్లకు 6 గంటలైనా పడుతుంది. దుబాయ్ ప్రయాణం కంటే ఇదే ఎక్కువ!

అందుకే 15వ తేదీ 02.30 ఫ్లైట్‌కు జగిత్యాల వాళ్లు 14న సాయంత్రం 5 గంటలకే, కోరుట్ల వాళ్లు 4.30కే బస్సెక్కాలి. సిరిసిల్ల వాళ్లు 6 దాటనివ్వొద్దు. టికెట్ చేతికి రాగానే ముందు తేదీ, ఆ తర్వాతే టైమ్ చూసి, ‘ఇంటి నుంచి కదలాల్సిన రోజు’ ఏదో క్యాలెండర్‌పై రాసి పెట్టుకోండి.